డయలు కింద గుర్తు

షాపు, కిటికీ పక్క బల్ల
మార్చి 3

అత్తకు,

ఫోన్ చేస్తే "ఎవరూ? పాలబ్బాయా? రేపట్నుంచి అర లీటరే" అని పెట్టేశావు. అందుకని ఉత్తరమే రాస్తున్నా. ముప్పయ్యేళ్ళు టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో కూర్చుని ఊరందరికీ లైన్లు కలిపిన మనిషివి, ఇప్పుడు నీకు లైను కలపాలంటే పోస్టుమానే దిక్కయ్యాడు.

సంగతేమిటంటే, మన వాచీల షాపుకు వచ్చే ఏడాదితో వందేళ్ళు. గోడకు ఒక ఇత్తడి పలక పెట్టిద్దామనుకుంటున్నాను. తాత, పెదనాన్న, నాన్న, నేను: నలుగురి గుర్తులూ, కింద పుట్టిన ఏడూ పోయిన ఏడూ. నా దానికి రెండోది ఇంకా తొందర లేదు.

పలక చెక్కే అతనికి మన పద్ధతి చెప్పేసరికి తల ప్రాణం తోకకొచ్చింది. "వాచీ బాగుచేసినవాళ్ళు వెనకమూత లోపల సూదితో తమ గుర్తు, నెల, సంవత్సరం గీస్తారయ్యా. అది మళ్ళీ ఎప్పుడైనా తిరిగొస్తే ఆ పని ఎవరిదో తెలియాలి కదా. మనిషి పోతే గుర్తుల పుస్తకంలో ఆ గుర్తు మీద అడ్డగీత పడుతుంది. ఆ తర్వాత ఆ గుర్తు ఎవరూ గీయకూడదు" అన్నాను. "మీరు నయమమ్మా, మా ఇంట్లో పోయినవాళ్ళ చెప్పులు కూడా వదలరు" అన్నాడు.

తాత సంగతీ, నాన్న సంగతీ నాకు తెలుసు. పెదనాన్న గురించే పుస్తకంలో ఏమీ లేదు. త్రికోణం, మధ్యలో చుక్క. దాని మీద తాత చేత్తో అడ్డగీత, పక్కన డెబ్బై రెండేళ్ళ కిందటి ఫిబ్రవరి 12. అంతే. ఇరవై ఒక్కేళ్ళు బతికినవాడికి ఒక్క వాక్యం కూడా లేదు. నాన్నను ఎప్పుడడిగినా "జ్వరంతో పోయాడు" అని కంటికి కటకం పెట్టేసుకునేవాడు. నాన్న కూడా పోయి ఏడాదయింది. ఇక మిగిలింది నువ్వే. తెలిసిందంతా రాయి.

నీ మేనకోడలు

——

మూడో అంతస్తు, వెనక గది
మార్చి 11

ఒసే భూతద్దం,

నీ అక్షరాలు చూస్తే చీమలు సిరాలో పడి లేచి నడిచినట్టున్నాయి. వాచీల లోపల రాసే చేత్తో కాగితం మీద రాయకు, ముసలి కళ్ళు.

మా పెద్దన్నయ్య గురించి అడిగావు. చచ్చినవాడి కళ్ళు చారెడంటారు కదా, నేను రాసేదాంట్లో సగం తీసేసి చదువుకో. అయినా మిగిలిన సగానికే నీ పలక చాలదు.

మా అమ్మ పోయేనాటికి నాకు మూడేళ్ళు. నా జడ వేసింది వాడే. "వాచీ స్ప్రింగయినా మాట వింటుంది గానీ నీ జుట్టు వినదే" అనేవాడు. వాడి బల్ల చుట్టూ గెంతుతూ కింద పడ్డ స్క్రూలు ఏరిపెట్టేదాన్ని, అందుకని నన్ను పిచ్చుక అని పిలిచేవాడు. పదకొండో ఏట బల్ల దగ్గర కూర్చున్నాడు, పధ్నాలుగో ఏట సొంత గుర్తు వచ్చింది. వాడి పనికి ఒక పిచ్చి ఉండేది. వాచీ మూసే ముందు లోపలి స్క్రూల గాడులన్నీ ఒకే దిక్కుకు తిరిగి ఉండాల్సిందే. నాన్న విసుక్కునేవాడు. "ఎవడు చూస్తాడురా లోపల?" "ఇంకో వాచీవాడు చూస్తాడు నాన్నా" అనేవాడు. ఆ పొగరు చూడు!

ఆ చలికాలమంతా వాడికి ఒంట్లో బాగుండలేదు. ఫిబ్రవరిలో సామాన్లు కొనడానికని నాన్న వాణ్ణి పెద్ద ఊరికి తీసుకెళ్ళాడు. నాలుగో రోజున నాన్న ఒక్కడే తిరిగొచ్చాడు. అక్కడే జ్వరం వచ్చిందన్నాడు, ఆసుపత్రిలో పోయాడన్నాడు, అన్నీ అక్కడే అయిపోయాయన్నాడు. చెప్పులైనా విప్పకుండా బల్ల దగ్గరికెళ్ళి పుస్తకం తీసి గీత కొట్టాడు. నాకు తొమ్మిదేళ్ళు, మీ నాన్నకు పధ్నాలుగు. మేమిద్దరం గుమ్మంలో నిలబడి చూశాం. ఆ తర్వాత ఆ ఇంట్లో వాడి మాట ఎవరూ ఎత్తలేదు.

పలక మీద త్రికోణం సరిగ్గా చెక్కించు. వంకరగా వస్తే వాడు ఊరుకోడు.

అత్త

——

షాపు
మార్చి 19

అత్తా,

ఆత్రంగా రాస్తున్నాను, చీమలని తిట్టుకోకుండా చదువు.

నిన్న ఒకావిడ వాళ్ళ తాతగారి చేతి వాచీ తెచ్చింది. డెబ్బై ఏళ్ళుగా బీరువాలో పడుందట. వెనకమూత తీస్తే తాత గుర్తు, రెండు నిలువు గీతలు. రిపేరు రిజిస్టరులో కూడా అది తాత పనే అని ఉంది. డయలుకు తుప్పు పట్టిందని దాన్ని కూడా విప్పాను. డయలు ఎవరూ ఊరికే విప్పరు, నీకు తెలుసుగా.

డయలు కింద, లోపలి రేకు మీద, ఆవగింజంత త్రికోణం. మధ్యలో చుక్క. పక్కన తేదీ: మే. అదే సంవత్సరం మే అత్తా! గీత కొట్టింది ఫిబ్రవరిలో!

కటకం తుడుచుకుని మళ్ళీ చూశాను. దీపం మార్చి చూశాను. పక్క కొట్టు కళ్ళద్దాలాయన్ని పిలిచి చూపించాను. "మే" అన్నాడు. లోపల స్క్రూల గాడులన్నీ పన్నెండు గంటల వైపే ఉన్నాయి. నువ్వు రాయకపోతే అది నా కంటికి ఆనేదే కాదు.

మన ఇంట్లో చనిపోయినవాడి గుర్తు గీసే ధైర్యం ఎవరికుంది? తాతకా? నాన్నకా? పధ్నాలుగేళ్ళవాడు ఈ పని చేయగలడా? నీకేమైనా తెలుసా?

——

మూడో అంతస్తు
మార్చి 27

ఏమే, నీకు మతి గానీ పోయిందా?

మా నాన్న తన చేత్తో కన్నకొడుకు గుర్తు మీద గీత కొట్టాడు. బతికున్నవాడి మీద ఎవడైనా గీత కొడతాడా? ఆ కళ్ళద్దాలాయనకు ముందు ఎవరైనా కళ్ళద్దాలు పెట్టండి. మార్చిని మే అని చదివుంటారు, లేదా ముందటేడు మే అయి ఉంటుంది. ఆవగింజ మీద రాసింది ఏదైతేనేం, నువ్వు చదవాలనుకున్నదే కనిపిస్తుంది.

నీ ఉత్తరం చదివి రెండు రోజులు అన్నం సహించలేదు నాకు. ఎనభై ఒక్కేళ్ళ దానికి ఇలాంటివి రాసేటప్పుడు ఒక్క క్షణం ఆలోచించవద్దూ?

వాడు పోయాక తిరిగొచ్చింది ఒక్కసారే, అదీ వాచీలు బాగుచేయడానికి కాదు. నువ్వెరగని కథ కాదులే. చిన్నప్పుడు కరెంటు పోయినప్పుడల్లా మీరు పిల్లలందరూ నా చుట్టూ చేరి "దయ్యం కథ, దయ్యం కథ" అని పీక్కుతినేవాళ్ళు. వాడు పోయిన మరుసటేడు, జూన్‌లో, జోరున వాన కురుస్తుంటే మధ్యాహ్నం పూట తలుపు తట్టాడు. నేనొక్కదాన్నే ఉన్నాను. తీశాను. గుమ్మంలో నిలబడి ఉన్నాడు. కెవ్వున అరిచి ధడాలున తలుపేశాను. మళ్ళీ చూస్తే లేడు! మీరంతా దుప్పట్లలో దూరేవాళ్ళు. మీ నాన్న మాత్రం ఆ కథ మొదలెట్టగానే లేచి బయటికి పోయేవాడు, పిరికివాడు.

అంతే. అంతకుమించి వాడు రాలేదు. ఆ వాచీ మూసి ఆవిడకు ఇచ్చెయ్యి.

అత్త

——

షాపు
ఏప్రిల్ 5

అత్తకు నమస్కారం.

నువ్వు చెప్పిందే నిజం. మళ్ళీ చూశాను, అది ముందటేడు తేదీయే. నా పొరపాటు. వాచీ ఇచ్చేశాను. పలక పని నడుస్తోంది. ఇక్కడ ఎండలు బాగా ముదిరాయి. నువ్వు మందులు వేళకు వేసుకుంటున్నావా? కోడలు బాగా చూసుకుంటోందా? ఆరోగ్యం జాగ్రత్త.

నీ మేనకోడలు

——

మూడో అంతస్తు
ఏప్రిల్ 12

భూతద్దం,

"అత్తకు నమస్కారం." ఆహా! పుట్టి బుద్ధెరిగాక నాకు నమస్కారం పెట్టావా నువ్వు? నలభై ఎనిమిదేళ్ళలో ఒక్కసారైనా "నా పొరపాటు" అన్నావా? పైగా ఎండల గురించి రాశావు. ఎక్స్ఛేంజీలో ముప్పయ్యేళ్ళు జనం మాటలు విన్నదాన్నే నేను. జనం అసలు సంగతి దాచేటప్పుడే ఎండల గురించి, మందుల గురించి మాట్లాడతారు.

నా ఉత్తరంలో ఏదో చూశావు. నేనేం రాశానో నాకు గుర్తుంది. దయ్యం కథ రాశాను. జూన్ అని రాశాను. ఆ తర్వాతే నీ గొంతు మారింది.

ఇంకా ఎన్ని వాచీలు దొరికాయి? తేదీలు రాయి. ఒక్కటి కూడా దాచకు. ముసలిదానికి గుండె ఆగుతుందని నువ్వు భయపడితే, ఆగనీ. ఈ వయసులో అది దేనికైనా ఆగుతుంది. తెలియకుండా ఆగడం మాత్రం నాకిష్టం లేదు.

ఉన్నదున్నట్టు రాయి. ఈ నెలాఖరుకల్లా ఉత్తరం రాకపోతే నేనే బస్సెక్కుతాను. మోకాళ్ళ నొప్పులతో దారి పొడుగునా నిన్నే తిడుతూ వస్తాను.

అత్త

——

షాపు
ఏప్రిల్ 21

అత్తా,

రాస్తున్నాను. కూర్చుని చదువు. పక్కన ఎవరైనా ఉంటే ఇంకా మంచిది.

మన దగ్గర ఎవరూ వచ్చి తీసుకెళ్ళని వాచీల డ్రాయరు ఉంది కదా. అందులో ఆ రెండేళ్ళవి పన్నెండు దొరికాయి. అన్నిటికీ డయళ్ళు విప్పాను. వెనకమూతల మీద తాత గుర్తే. డయళ్ళ కింద మాత్రం తొమ్మిదింటిలో త్రికోణం ఉంది. మొదటిది ఆ ఏడు ఏప్రిల్‌ది, చివరిది మరుసటేడు జూన్‌ది. మిగిలిన మూడూ ఆగస్టు తర్వాతవి. వాటిలో గుర్తు లేదు గానీ పని మాత్రం పెదనాన్నదే. స్క్రూల గాడులన్నీ పన్నెండు వైపే ఉన్నాయి. గుర్తు పెట్టడం జూన్‌లో ఎందుకు మానేశాడో నాకు అర్థం కాలేదు.

తర్వాత నాన్న బల్ల కింద సొరుగు పగలగొట్టాను. దాని తాళం చెవి ఎప్పుడూ కనిపించేది కాదు, నేనూ ఎప్పుడూ అడగలేదు. లోపల ఒక రేకు డబ్బా, డబ్బాలో చీటీలు ఉన్నాయి. అన్నీ ఒక ఛాతీ ఆసుపత్రి గేటు దగ్గర ఇచ్చినవి. పెద్ద ఊరికి అవతల, కొండ మీద ఉండేదట. ఇరవై ఒకటి ఉన్నాయి. నెలకొకటి, మొదటి సోమవారం.

"మూడో వార్డు, మంచం 11. తండ్రి తెచ్చిన డబ్బా ఒకటి. వాచీలు తొమ్మిది. అందినవి." ఇంకోదానిలో "వాచీలు ఏడు". ఇలా వరుసగా ఇరవై. తాత ప్రతి నెలా సామాన్ల కోసం పెద్ద ఊరికి వెళ్ళేవాడని నాన్న చెప్పేవాడు, గుర్తుందా?

చివరి చీటీ మరుసటేడు నవంబరుది. అందులో రెండు ముక్కలే ఉన్నాయి: "మంచం ఖాళీ. డబ్బా వాపసు."

అత్తా, పెదనాన్న జ్వరంతో పోలేదు. ఫిబ్రవరిలో పోలేదు. క్షయతో ఇంకా ఇరవై ఒక్క నెలలు బతికాడు. మంచం మీద కూర్చుని మన షాపు వాచీలు బాగుచేశాడు. ఊళ్ళో జనం ఆ వాచీలు చేతికి కట్టుకుని తిరిగారు. ఇక్కడ తాత అతని గుర్తు మీద గీత కొట్టేసి, పని పంపించాడు! కన్నకొడుకుని ఆ కొండ మీద బతికుండగానే... నాకు తాత ఫొటో వంక చూడబుద్ధి కావడం లేదు. నిన్న దాన్ని గోడవైపు తిప్పేశాను.

ఇంకొకటి కూడా చెప్పాలి. ఒక వాచీలో త్రికోణం పక్కనే, తాకీ తాకనట్టు, నాన్న గుర్తు ఉంది. అర్ధచంద్రం. ముప్పై ఏళ్ళ తర్వాతి తేదీ. అంటే నాన్న డయలు విప్పాడు, చూశాడు, పక్కన తన గుర్తు పెట్టుకుని మూసేశాడు. నీకూ చెప్పలేదు, నాకూ చెప్పలేదు. ఎందుకు చెప్పలేదో నీ దయ్యం కథ చదివాక అర్థమైంది. జూన్‌లో నువ్వు తలుపు తీసి చూసింది దయ్యాన్ని కాదు.

అందుకే అబద్ధం రాశాను. నాన్న చేసిందే నేనూ చేయబోయాను. క్షమించు. నీకు పదేళ్ళు అత్తా. చనిపోయాడని ఇంట్లో పెద్దవాళ్ళు చెబితే ఏ పిల్లయినా అలాగే చేస్తుంది. నీ తప్పేమీ లేదు. ఈ మాట మాత్రం నమ్ము.

——

మూడో అంతస్తు
మే 9

అమ్మాయీ,

ఆలస్యమైంది. మూడుసార్లు మొదలుపెట్టి చింపేశాను.

నా తప్పేమీ లేదని రాశావు. మీ నాన్నా, నువ్వూ నన్ను కాపాడాలని చూశారు. డెబ్బై ఏళ్ళ మీదట, ఇద్దరూ! తల్చుకుంటే నవ్వొస్తోంది. నవ్వాక ఏడుపొస్తోంది. మీరు నా దగ్గర దాచారు. అసలుది నేను మీ దగ్గర దాచాను.

ఆ రోజు కళ్ళకలక వచ్చి నేను బడికి వెళ్ళలేదు. నాన్న ఎవరి ఆఫీసులోనో గోడగడియారం చూడటానికి వెళ్ళాడు. తలుపు చప్పుడైంది, తీశాను. వాడే. చొక్కా మెడ దాకా బొత్తాలు పెట్టుకుని, మొహం ఎముకలు తేలి ఉన్నాడు. కెవ్వున అరిచి తలుపేసి, పై గడియ పెట్టేశాను. ఇక్కడి దాకా మీకు చెప్పిన కథే. ఇక్కడి దాకా నిజంగా దయ్యమనే అనుకున్నాను.

తలుపు అవతల నుంచి అన్నాడు. "పిచ్చుకా, నేనేనే. తలుపు తియ్యి."

"నువ్వు చచ్చిపోయావుగా!" అన్నాను.

"ఎవరు చెప్పారే?"

"నాన్న చెప్పాడు. పుస్తకంలో గీత కూడా కొట్టాడు."

వాడికి ఆ సంగతి తెలియదే! వాడు చచ్చిపోయాడని వాడికి మొదట చెప్పింది నేను.

తర్వాత దగ్గాడు. ఆ చలికాలమంతా పక్క గదిలోంచి విన్న దగ్గే. నాకు అర్థమైపోయింది. దయ్యానికి దగ్గెందుకొస్తుంది? గడియ మీద చెయ్యి పెట్టాను. తియ్యలేదు.

ఎందుకు తియ్యలేదంటే, ఎదురింటి దర్జీ సంగతి నాకు తెలుసు. వాళ్ళమ్మాయికి ఆ జబ్బని తెలిశాక అతనికి గుడ్డ ఇచ్చినవాడు లేడు. రెండు నెలలకు కుట్టుమిషను అమ్ముకుని ఊరే వదిలిపోయాడు. అన్నయ్యను తీసుకెళ్ళే ముందు నాన్న నన్ను కూర్చోబెట్టి "ఈ ఇంట్లో దగ్గు అన్న మాట బయట ఎవరి దగ్గరైనా ఎత్తావంటే మనమూ అంతే" అన్నాడు. పదేళ్ళ పిల్లకు అంత తెలుస్తుందా అంటావేమో. తెలుసు. నాకు బాగా తెలుసు. వీధిలో ఎవరైనా చూస్తారేమోనని భయపడ్డాను. అన్న చచ్చిపోతాడని భయపడలేదు. వాడు ఎలాగూ చచ్చిపోయినవాడే కదా మా ఇంట్లో.

"సరే" అన్నాడు. "నాన్న చెబితే అంతేలే. నువ్వు లోపలే ఉండు, బయట వాన."

కిటికీలోంచి చూశాను. గోడ పట్టుకుని నడుస్తున్నాడు. గొడుగు లేదు.

సాయంత్రం నాన్న వచ్చాక "అన్నయ్య దయ్యమై వచ్చాడు" అన్నాను. నాన్న మొహం చూడాలి నువ్వు. "దయ్యమేలే. ఎవరికీ చెప్పకు" అన్నాడు. నాకు తెలుసని ఆయనకు తెలిసిందో లేదో నాకు తెలియదు. ఆ మాటనే ఇద్దరం గట్టిగా పట్టుకున్నాం. తర్వాత దాన్నే పిల్లలకు కథగా చెప్పుకుంటూ వచ్చాను. వందసార్లు చెబితే నిజమవుతుందేమోనని చెప్పాను. కాలేదు.

వెనకమూత మీద వాడి గుర్తు కనిపిస్తే జబ్బు సంగతి బయటపడుతుందని నాన్న వద్దని ఉంటాడు, అందుకే డయలు కింద గీసుకున్నాడు. జూన్ తర్వాత గుర్తు ఎందుకు మానేశాడని అడిగావు. చచ్చిపోయినవాడి గుర్తు ఎవరూ గీయకూడదని మన ఇంటి పద్ధతి. వాడు మా అందరికంటే బుద్ధిగా పాటించాడు.

తాత ఫొటో తిప్పేశావు సరే. నాది కూడా తిప్పు.

ఒక్కటి అడుగుతాను. ఆ రోజు వాడు తిరిగి చేరాడా? అంత వానలో, ఆ ఒంటితో, ఎక్కడైనా పడిపోయాడా? బండి దొరికిందా? ఎవరైనా కాస్త కూర్చోబెట్టారా? ఈ డెబ్బై ఒక్కేళ్ళలో నేను ఎవరినీ అడగలేకపోయాను. దయ్యం క్షేమంగా చేరిందా అని ఎవర్ని అడుగుతాం చెప్పు?

నీకు కాళ్ళున్నాయి, కళ్ళున్నాయి. కనుక్కో.

——

ఆసుపత్రి ఎదుటి లాడ్జి, రెండో నంబరు గది
మే 30

అత్తా,

చేరాడు.

ముందు అది చెప్పి తర్వాత మిగతాది రాస్తున్నా. ఆ రోజే, సాయంత్రం ఆరూ పదికి చేరాడు.

ఆ ఆసుపత్రి ఇప్పుడు అన్ని జబ్బులకూ. పాత వార్డుల చోట వాహనాల షెడ్డు ఉంది. రికార్డుల గది నేలమాళిగలో ఉంది. గుమస్తా మొదట "డెబ్బై ఏళ్ళ కిందటివా? ఎలుకలనడగండి" అన్నాడు. నాలుగు రోజులు తిరిగాను. మూడో రోజు అతని చేతి వాచీ ఆగిపోయి ఉంటే అక్కడే విప్పి నడిపించాను. నాలుగో రోజు నిచ్చెన తనే వేశాడు. గుడ్డ మూటల్లో కట్టిన రిజిస్టర్లు ముక్కు మూసుకుని ఒక్కొక్కటీ దించాం.

రోగులు బయటికి వెళితే రాసే పుస్తకం ఒకటి దొరికింది. మూడో వార్డుది. ఆ జూన్ నెల పేజీలు పురుగు కొట్టకుండా ఉన్నాయి. పెదనాన్న బయటికి వెళ్ళింది ఇరవై ఒక్క నెలల్లో ఆ ఒక్కసారే. సెలవు కోసం ఐదుసార్లు అడిగాడని పక్కన గళ్ళలో ఉంది. నాలుగుసార్లు డాక్టరు వద్దన్నాడు.

ఆ వరుస మొత్తం చేత్తో ఎక్కించుకున్నాను. ఒక్క అక్షరం కూడా మార్చలేదు.

మంచం: 11.
పని: చెల్లెల్ని చూడటానికి.
బయటికి: ఉదయం 8.00.
లోపలికి: సాయంత్రం 6.10.
నర్సు రాసినది: పూర్తిగా తడిసి వచ్చాడు. బట్టలు మార్పించి వేడి పాలు ఇచ్చాం. జ్వరం ఉంది. ఇంట్లో అందరూ కులాసా అని చెప్పాడు. చెల్లెలు పై గడియ అందేంత ఎత్తు ఎదిగిందట. రెండుసార్లు చెప్పాడు.

గుమస్తా ఏమైందమ్మా అని అడిగాడు. దుమ్ము అన్నాను.

నీ మేనకోడలు

——

మూడో అంతస్తు
జూన్ 8

అమ్మాయీ,

అందింది.

మొదట చదివినప్పుడు ఆరూ పది దగ్గరే ఆగిపోయాను. చేరాడు, పాలు తాగాడు, పొడి బట్టలు కట్టుకున్నాడు. ఆ పాలిచ్చిన మనిషి ఎవరో, చల్లగా ఉండాలి అనుకుందామంటే ఆవిడా పోయి ఎన్నేళ్ళయిందో. కోడలు వచ్చి "ఏమైందత్తయ్యా, అలా ఉన్నారు?" అంటే కాగితం ఆమె చేతిలో పెట్టాను. మిగతాది తను పైకి చదివింది, నా చెవి దగ్గర, గట్టిగా. పై గడియ దగ్గరికొచ్చాక నేను లేచి గదిలోకి వెళ్ళిపోయాను.

చెల్లెలు తలుపు వేసిందని చెప్పలేదే వాడు! ఎక్కడా చెప్పలేదు. కొట్టినా బాగుండేది.

నిన్న సాయంత్రం వాన మొదలయింది, కరెంటు పోయింది. మా మనవరాలు వచ్చి ఒళ్ళో తల పెట్టుకుని, "నానమ్మా, దయ్యం కథ చెప్పు" అంది. దానికి పదో ఏడు నడుస్తోంది. కొడుకూ కోడలూ అక్కడే ఉన్నారు. కోడలు దాన్ని కసురుకోబోయింది, నేను వద్దన్నాను.

చెప్పాను. మొదటి నుంచి చెప్పాను. ఈసారి దగ్గు కూడా చెప్పాను, గడియ మీద చెయ్యి పెట్టింది కూడా చెప్పాను, దర్జీ సంగతి చెప్పాను, అన్నయ్య ఏమన్నాడో, నేనేమన్నానో ఒక్క మాట వదలకుండా చెప్పాను. మా వాడు కుర్చీలోంచి లేచి నిలబడిపోయాడు. యాభై ఆరేళ్ళుగా అమ్మ చెప్పిన కథే విన్నవాడు, ఇది వినలేదుగా.

పిల్ల మాత్రం భయపడలేదు.

"అయితే ఇందులో దయ్యం లేదా?" అంది.

"లేదమ్మా" అన్నాను.

"మరి తలుపు తీయాల్సింది కదా నానమ్మా?"

"తీయాల్సింది" అన్నాను.

అత్త